వరుసల మధ్య మొలిచినవి



ఈ పూట ఎవరూ నాటని చెట్ల గురించి మాట్లాడతాను. అవి మొలిచేది మాత్రం కొలత పెట్టి, వరుస తీసి, కూలి ఇచ్చి నాటించిన తోటల్లో.

ఇంగ్లండుకు ఉత్తరపు కొసన, స్కాట్లండ్ సరిహద్దు పక్కన, కీల్డర్ అనే అడవి ఉంది. వందేళ్ల కిందట దాన్ని అడవి అనడానికి లేదు. గొర్రెలు మేసే బోడి గుట్టలు, కాలు వేస్తే నీళ్లు ఊరే చిత్తడి నేలలు. వేల ఏళ్లుగా నాచూ గడ్డీ పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన ఆ నల్లటి నేలను అక్కడ పీట్ అంటారు. 1926లో ప్రభుత్వం అక్కడ మొక్కలు నాటించడం మొదలుపెట్టింది. ఇప్పుడది 600 చదరపు కిలోమీటర్లు దాటిన అడవి. మనిషి పెంచిన అడవుల్లో ఇంగ్లండు మొత్తానికి అదే పెద్దది. అందులో నాలుగింట మూడు వంతులు ఒకే జాతి చెట్లు. వాటి పేరు సిట్కా స్ప్రూస్.

స్ప్రూస్‌కున్నలాంటి సూది ఆకులనగానే మనకు సముద్రపు ఒడ్డు సరుగుడు తోటలు గుర్తొస్తాయి. సరుగుడు ఈ కోవలోకి రాదు. అది పూలు పూసే చెట్టే. మనం సూదులనుకునేవి దాని సన్నని రెమ్మలు. స్ప్రూస్, పైన్, లార్చ్ వంటివి కోనిఫర్లు. వీటికి పువ్వూ ఉండదు, పండూ ఉండదు. పొలుసులు పేర్చినట్టుండే కాయలో గింజ దాగి ఉంటుంది. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే కోనిఫర్ జాతి ఒక్కటే, అదీ పడమటి కనుమల్లో. అరకు వైపు వెళ్లినవాళ్లు చూసే పైన్ తోపులు మనుషులు నాటినవే.

మరి ప్రభుత్వం ఇంత అడవి ఎందుకు నాటించింది? మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు కలప కరువొచ్చింది. బొగ్గు గనుల్లో పైకప్పు కూలకుండా నిలబెట్టే దుంగల్ని కూడా ఓడల మీద తెచ్చుకోవలసిన దేశం అది. ఓడల్నేమో జర్మన్ జలాంతర్గాములు ముంచేస్తున్నాయి. అప్పటికి ఆ దేశపు నేలలో చెట్లున్నది నూటికి 5 వంతులు. 1916లో దీనికి దారి వెతకమని ఒక కమిటీ వేశారు. 1919 సెప్టెంబరు 1న ఫారెస్ట్రీ కమిషన్ పుట్టింది. ఇక్కడ మనకూ చిన్న చుట్టరికం ఉంది. బ్రిటన్‌లో అటవీ శాస్త్రాన్ని చదువుగా నిలబెట్టినవాడు విలియం ష్లిక్ అనే జర్మన్. ఆయన మన దేశంలో అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేసి, 1885లో ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో అటవీ విద్య మొదలుపెట్టాడు. 1905లో ఆ చదువు ఆక్స్‌ఫర్డ్‌కు చేరింది. అంటే భారతదేశపు అడవుల్లో నేర్చుకున్న పాఠం ఓడెక్కి అక్కడికి పోయింది.

త్వరగా పెరగాలి, చెడ్డ నేలలో పెరగాలి, గాలికీ తడికీ తట్టుకోవాలి. ఈ మూడూ చేయగల చెట్టుగా సిట్కా స్ప్రూస్ దొరికింది. దాని సొంత ఊరు ఉత్తర అమెరికా పడమటి తీరం, అలాస్కా నుంచి కాలిఫోర్నియా దాకా. డేవిడ్ డగ్లస్ అనే స్కాట్లండ్ తోటమాలి ద్వారా 1831లో దాని గింజలు బ్రిటన్ చేరాయి. రెండు మీటర్లకొక మొక్క చొప్పున నాటితే హెక్టారుకు 2,500, మన లెక్కలో ఎకరానికి వెయ్యి. నలభై ఏళ్లకు అటూ ఇటూగా కోతకొస్తుంది. అన్నీ ఒకేసారి నాటినవి కనక అన్నీ ఒకేసారి నరుకుతారు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఇలాంటి కొత్త తోటలోకి నాటిన నాలుగైదేళ్లకు వెళ్లి చూస్తే, స్ప్రూస్ వరుసల మధ్య వేరే మొక్కలు కనిపిస్తాయి. తెల్లటి బెరడు రాబోతున్న బర్చ్ పిల్లలు. ఈకలాంటి ఆకులతో రోవన్. కాలువ గట్టున విల్లో. వీటికి నర్సరీ బిల్లు లేదు, రిజిస్టరులో పద్దు లేదు. ఏ గాలో తెచ్చింది, ఏ పిట్టో వేసింది.

ఎలా వచ్చాయని అడిగితే చాలామంది తోట నాటడం వల్ల అంటారు. నేనైతే కంచె వల్ల అంటాను. కొత్త తోటకు మొదట చేసే పని గొర్రెలూ జింకలూ రాకుండా చుట్టూ కంచె వేయడం. కంచె వేసింది స్ప్రూస్ కోసమే. కానీ ఆ గుట్టల మీద వందల ఏళ్లుగా మొలిచిన ప్రతి చెట్టు పిల్లనూ గొర్రె మేసేసింది. అది పోగానే మొలిచినవి బతకడం మొదలుపెట్టాయి. ఆ గుట్టల మీది హెదర్ అనే పొదల మధ్య జాగ్రత్తగా వెతికితే మోకాలెత్తు దాటని రోవన్ మొక్కలు దొరుకుతాయి. పొట్టిగా ఉన్నాయి గదా అని చిన్నవనుకోకూడదు. ఏటా మొవ్వు కొరికించుకుంటూ, ఏటా పక్క నుంచి చిగురు వేసుకుంటూ ఏళ్ల తరబడి అక్కడే ఉన్నవి అవి. కంచె పడితే నిటారుగా లేస్తాయి.

రెండో కారణం నాగలి. పీట్ నేలలో నీరు పోవాలని పెద్ద ట్రాక్టరు నాగళ్లతో మట్టిని తిరగేసి, ఆ తిరగబడిన గట్టు మీద స్ప్రూస్ నాటేవారు. ఇప్పుడు ఎక్కువగా ఎక్స్‌కవేటర్‌తో చిన్న చిన్న మట్టి కుప్పలు పోస్తున్నారు. ఏదైనా ఫలితం ఒకటే. గడ్డి పరుపు చిరిగి కింది నేల బయటపడుతుంది. బర్చ్ గింజకు కావలసింది సరిగ్గా అదే. ఆ గింజ ఎంత చిన్నదంటే, గ్రాము తూకానికి కొన్ని వేలు తూగుతాయి. రెండు పక్కలా పలచటి రెక్కలు. మంచి ఏట ఒక్క చెట్టే లక్షల గింజలు రాలుస్తుంది. కానీ అంత చిన్న గింజలో తల్లి కట్టి ఇచ్చిన సద్ది ఏపాటిది? దట్టమైన గడ్డి మీద పడితే వేరు నేలకు చేరేలోపే ఎండిపోతుంది. తడి ఉన్న ఉత్త మట్టి దొరికితేనే నిలుస్తుంది.

అన్నట్టు ఈ బర్చ్ మనకు పూర్తిగా పరాయిది కాదు. పూర్వం గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రం హిమాలయాల్లో పెరిగే బర్చ్ బెరడే. బ్రిటన్ బర్చ్‌లు దానికి దాయాదులు. విల్లో సంగతి క్రికెట్ చూసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. బ్యాటు చేసే చెట్టు కుటుంబమే. తోటల్లో పడి మొలిచేవి మాత్రం పొదలాంటి విల్లోలు. వాటి దూది గింజ వేసవి మొదట్లో ఎగురుతుంది, కొద్ది వారాల్లో తడి నేల దొరక్కపోతే చచ్చిపోతుంది. కాలువ గట్ల వెంటే అవి బారులు తీరడానికి కారణం అదే.

రోవన్ కథ వేరు. దానికి ఎర్రటి చిన్న పళ్లు గుత్తులుగా కాస్తాయి. అక్టోబరులో ఉత్తరాది చలిదేశాల నుంచి ఫీల్డ్‌ఫేర్, రెడ్‌వింగ్ అనే పిట్టలు గుంపులుగా దిగి ఆ పళ్లను తినేస్తాయి. మన గోడ పగుళ్లలో రావి మొలిపించే పిట్టల పనే అక్కడా జరుగుతుంది. కంచె గుంజల వెంటా, పాత రాతి గోడల వెంటా, పిట్ట వాలేందుకు అనువైన ప్రతిచోటా రోవన్ లేస్తుంది. గింజ ఒక చలికాలమైనా నేలలో గడపనిదే మొలవదు, కొన్నింటికి రెండు చలికాలాలు కావాలి. చిన్నతనంలో నీడను కాస్త ఓర్చుకుంటుంది. బర్చ్‌కు ఆ ఓర్పు బొత్తిగా లేదు.

మరి తల్లి చెట్లెక్కడ? బోడి గుట్టలన్నాను కదా. గొర్రె కాలు మోపలేని చోట్ల తల్లి చెట్లు మిగిలాయి. నిట్టనిలువు కొండ చరియలు, వాగు కోసేసిన లోతైన గండ్లు, పెద్ద బండల నెత్తి. ఇంకొక చోటు కూడా ఉంది. స్కాట్లండ్ పల్లెల్లో రోవన్ ఇంటి ముంగిట ఉంటే చేతబడి తగలదని నమ్మేవారు. ఇల్లు కూలిపోయింది, మనుషులు పోయారు, ముంగిట రోవన్ నిలిచింది. బర్చ్ గింజల్లో ఎక్కువ భాగం తల్లికి వంద మీటర్ల లోపే పడతాయి. అందుకని తోటలో ఎక్కడ పడి మొలకలు దట్టంగా ఉన్నాయో గుర్తు పెట్టి చూస్తే, గొర్రె ఎక్కడ ఓడిపోయిందో ఆ పటమే బయటపడుతుంది.

ఇదంతా జరగడానికి వ్యవధి చాలా తక్కువ. మొదటి నాలుగైదేళ్లు గడ్డిది రాజ్యం. మేత లేక ఏపుగా పెరిగిన గడ్డిలో వోల్ అనే పొట్టి తోక ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి. కీల్డర్‌లో వీటి సంఖ్య మూడు నాలుగేళ్లకొకసారి ఎగసి పడిపోతుంది. వాటి వెంట గుడ్లగూబలూ వస్తాయి. ఎలుకలు ఎగసిన ఏట మంచు కింద మొక్కల మొదళ్లు కొరికేస్తాయి, వాటికి నాటిన మొక్క, నాటని మొక్క అనే తేడా లేదు. ఆపైన స్ప్రూస్ లేస్తుంది. పది పదిహేనేళ్లకు కొమ్మా కొమ్మా కలిసి పైకప్పు మూసుకుంటుంది. లోపల పట్టపగలు చీకటి. నేల మీద సూదుల పరుపు తప్ప గడ్డిపరక ఉండదు. అప్పటికి స్ప్రూస్‌తో సమానంగానో ఎత్తుగానో లేచిన బర్చ్ బతుకుతుంది. తక్కినవి నిలబడే ఎండిపోతాయి. హెదర్ దట్టంగా ఉన్నచోట స్ప్రూస్‌కు నత్రజని అందక ఆకు పసుపుబారి ఏళ్లపాటు కుంటుపడుతుంది. ఆ ఖాళీల్లో బర్చ్‌కు మరికొంత కాలం దక్కుతుంది. తోట పెంచేవాడికి నష్టమైన జాగా ఆ మొక్కకు అచ్చొచ్చిన జాగా.

ఇన్నేళ్లూ అటవీ సిబ్బంది వీటిని కలుపుగానే చూశారు. వాళ్లను తప్పుపట్టలేం, కారణాలున్నాయి. గాలికి బర్చ్ కొమ్మలు కొరడాల్లా ఊగి పక్కనున్న స్ప్రూస్ మొవ్వును కొడతాయి. మొవ్వు పోయిన కోనిఫర్ రెండు తలలతో పెరుగుతుంది, దానికి కలప ధర రాదు. అందుకని కత్తి పట్టుకుని వరుస వరుసా తిరిగి బర్చ్ నరకడం ఒక ఏటి పనిగా ఉండేది. అదే బర్చ్‌ను స్వీడన్‌లో కొంతమంది కావాలని ఉంచుకుంటారు. వసంతంలో ఆలస్యంగా పట్టే మంచుకు స్ప్రూస్ లేత చిగుళ్లు మాడిపోతాయి. పైన బర్చ్ గొడుగు పడితే ఆ దెబ్బ తగ్గుతుంది. గొడుగును రెండు మూడు విడతల్లో పలచన చేస్తారు. ఒకచోట కత్తికి ఎర అయినది ఇంకొకచోట దాది.

కత్తితో ఆగితే బాగుండేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మందులొచ్చాయి. బ్రిటన్‌లో వందల ఏళ్లుగా తెగకుండా ఉన్న పాత ఓక్ అడవుల్ని కూడా కోనిఫర్ తోటలుగా మార్చే ఊపు వచ్చింది. పాత చెట్ల కాండం మీద, మోళ్ల మీద 2,4,5-టి అనే మందు పూసి చంపేవారు. వియత్నాం మీద అమెరికా చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌లో సగం ఇదే మందు. చంపామని రిజిస్టర్లలో రాసుకున్నారు. ఆ అడవుల్ని అడుగడుగూ తిరిగి చూసిన చరిత్రకారుడు ఆలివర్ రాక్‌హామ్ వేరే మాట చెప్పాడు. చచ్చాయనుకున్న వాటిలో ఎన్నో మోళ్ల నుంచి మళ్లీ పిలకలు వేశాయి. చాలాచోట్ల నాటిన కోనిఫరే వెనకబడిపోయింది. 1985లో ప్రభుత్వం ఓక్, బర్చ్ లాంటి వెడల్పాటి ఆకుచెట్ల విషయంలో విధానం మార్చుకుంది. అలాంటి పాత అడవుల్లో ఇప్పుడు కోనిఫర్లను కొద్దికొద్దిగా పలచన చేస్తున్నారు. ఒక్కసారిగా నరికితే వెలుగు కుండపోతగా పడి ముళ్లపొదలూ ఫెర్న్‌లూ కమ్మేస్తాయి. నీడలో బిక్కుబిక్కుమంటూ బతికిన ఓక్ పిల్లకు ఊపిరాడదు.

ఓక్ అన్నాను కనక జే పక్షి గురించి చెప్పి తీరాలి. కాకి కుటుంబానిదే, రెక్క మీద నీలి చారలుంటాయి. ఓక్ గింజ బరువైనది, గాలికి పోదు. జే వాటిని గొంతు సంచిలో నింపుకుని దూరం తీసుకుపోయి, ఒక్కొక్కటే నేలలో గుచ్చి దాస్తుంది. ఒక్కో పిట్ట ఒక్క శరదృతువులోనే వేల గింజలు దాస్తుంది. ఎక్కడ దాచిందో చాలావరకు గుర్తుంటుంది కూడా. మిగిలిపోయినవి మొలుస్తాయి. దాచుకోవడానికి దానికి పైన్ తోపులంటే ఇష్టం, పైన్ నీడ పలచన కనక ఓక్‌కూ అక్కడ బతుకుంటుంది. జర్మనీలో బెర్లిన్ చుట్టూ ఉన్న బ్రాండెన్‌బర్గ్ అడవుల్లో అధికభాగం పైన్. వాటి కింద ఇలా మొలిచిన ఓక్‌లే రేపటి అడవికి ఆధారమని అక్కడి అటవీ అధికారులు లెక్కేసుకుంటున్నారు. గుంజ మీద తొట్టి పెట్టి, దాన్నిండా ఓక్ గింజలు పోసి, జే వచ్చి ఎత్తుకుపొమ్మని వదిలేస్తారు. కూలి అడగని కూలీని కుదుర్చుకున్నారన్నమాట.

విన్నవాళ్లకు ఇది అన్నిచోట్లా చేస్తే పోలేదా అనిపిస్తుంది. కీల్డర్‌లో చేయరు. ఇంగ్లండులో మిగిలిన ఎర్ర ఉడుతల్లో దాదాపు సగం కీల్డర్‌లో ఉన్నాయి. అమెరికా నుంచి తెచ్చి వదిలిన బూడిదరంగు ఉడుత మిగతా దేశంలో చాలాభాగం ఆక్రమించింది. ఎర్ర ఉడుతను చంపే మశూచి లాంటి రోగాన్ని కూడా అదే మోసుకొస్తుంది. బూడిద ఉడుత బలం ఓక్, బీచ్ వంటి పెద్ద గింజల చెట్లు. స్ప్రూస్ కాయల్లోని చిన్న గింజలతో ఎర్ర ఉడుతే నెట్టుకు రాగలదు. అందుకని కీల్డర్‌లో బర్చ్, రోవన్, విల్లో రానిస్తారు, ఓక్ దగ్గరకొచ్చేసరికి చెయ్యడ్డం పెడతారు. పరాయి దేశపు చెట్టు స్వదేశపు ఉడుతకు నీడైంది, స్వదేశపు చెట్టు దానికి శత్రువును తెచ్చిపెడుతుంది. మనకు నచ్చినట్టు మంచీ చెడూ పంచుకోవడానికి అడవి ఒప్పుకోదు.

ఈ మధ్య ఒక నిబంధన వచ్చింది. బ్రిటన్ అటవీ ప్రమాణాల 2023 సంచిక ప్రకారం ఒక తోటలో ఏ ఒక్క జాతీ 65 శాతం మించకూడదు. కనీసం 5 శాతం స్థానిక ఆకుచెట్లో పొదలో ఉండాలి. ఆ 5 శాతాన్ని చాలామంది నాటి తీరుస్తారు. నాటిన ప్రతి ఆకుచెట్టు పిల్లకూ జింక కొరకకుండా ప్లాస్టిక్ గొట్టం తొడగాలి. 1979లో గ్రాహం ట్యూలీ కనిపెట్టిన ఉపాయం అది. మొక్కను బాగా కాపాడుతుంది, కాదనను. కానీ ఊడదీసేవాళ్లు లేక కొండ వాలుల మీద పగిలి పడి ఉన్న గొట్టాలెన్నో. పక్కనే పడి మొలిచిన బర్చ్ ఉచితంగా, తనకు సరిపడే చోటు తనే పరీక్షించుకుని నిలబడి ఉంటుంది. అయినా నాటడమే నయమనిపిస్తుంది ఆఫీసుకు. ఎందుకంటే నాటినవాటికి లెక్క చెప్పొచ్చు, బిల్లు పెట్టొచ్చు, ఫొటో తీయొచ్చు. మొలిచినవాటిని లెక్కించాలంటే ఎవరో ఒకరు గడ్డిలో వంగి వెతకాలి. ఈ జబ్బు ఒక్క బ్రిటన్‌దే అని నేననుకోను.

అలాగని మొలిచిందల్లా నిలుస్తుందనుకుంటే పొరపాటు. కంచెలు పాతబడతాయి, తోట పెరిగాక దాన్ని పట్టించుకునేవాళ్లుండరు. రో అనే చిన్న జింక లోపలే కాపురం పెడుతుంది. స్ప్రూస్ సూది ముల్లులా గుచ్చుకుంటుంది, తప్పనిసరైతే తప్ప జింక దాన్ని ముట్టుకోదు. ముందు రోవన్, తర్వాత విల్లో, బర్చ్. జింకలు ఎక్కువైతే తోటలో స్ప్రూస్ ఒక్కటే మిగులుతుంది. అప్పుడు తుపాకీ లైసెన్సున్న ఉద్యోగి చేసే పని నాటేవాడి పనికన్నా ఎక్కువ చెట్లను బతికిస్తుంది. వినడానికి కటువుగా ఉంటుంది. తోడేళ్లను ఏనాడో చంపుకున్న దేశంలో వేరే దారి కనిపించదు.

చివరగా ఇంకొక పడి మొలక ఉంది, అది స్ప్రూస్. ముదిరిన తోటను నరికినచోట మంచి కాపు ఏట రాలిన స్ప్రూస్ గింజలు హెక్టారుకు పదివేలల్లో మొలుస్తాయి. 2,500 ఉండవలసిన చోట అవి గడ్డిలా లేస్తే, ఒకదానికొకటి అడ్డమై ఏదీ ఎదగదు, మనుషుల్ని పెట్టి పలచన చేయాలి. ఆ పని చేసేవాడు రంపంతో స్ప్రూస్ కోస్తూ బర్చ్‌ను వదిలేస్తే తోట స్వరూపమే మారుతుంది. బర్చ్‌నూ కోసేస్తే మళ్లీ నలభై ఏళ్లు ఒకే జాతి. ఆ నిర్ణయం ఉండేది కాగితం మీద కాదు, ముఖానికి వల కట్టుకుని రంపం ఆడించే మనిషి చేతిలో. అతనికి పొద్దున్నే ఎవరైనా నాలుగు మాటలు చెప్పారా లేదా అన్నదే ప్రశ్న.

2021 నవంబరులో ఆర్వెన్ తుపాను కీల్డర్‌లో పది లక్షలకు పైగా చెట్లను పడగొట్టింది. అంత ఖాళీ ఒక్కసారిగా దొరికిన తోటకు ఈ నిర్ణయం వాయిదా వేయడానికి వీల్లేదు. అదే సమయంలో స్కాట్లండ్ ఉత్తర కొసన, 2024లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఫ్లో కంట్రీ పీట్ భూముల్లో ఇంకో పని నడుస్తోంది. అక్కడ 1980లలో పన్ను రాయితీల కోసం నాటిన కోనిఫర్లను నరికేసి, కాలువలు పూడ్చి, నేలను మళ్లీ నీటికి అప్పగిస్తున్నారు. పక్క తోటల నుంచి గాలికొచ్చిన స్ప్రూస్ గింజ అక్కడా మొలుస్తోంది. మొలిచిన మొక్కను చిన్నప్పుడే వేళ్లతో పీకాలి, పెద్దదైతే రంపం కావాలి. ఏటా పీకినా ఏటా వస్తున్నాయి. చుట్టుపక్కల కాయ కాసే స్ప్రూస్ నిలిచి ఉన్నంతకాలం ఆ పని ఒడవదు.